పూజలో పెట్టిన స్పానర్లు

జీపు ఎత్తు పెంచమని వచ్చేవాళ్ళందరికీ నేను ఒకే మాట చెబుతా. "ఎత్తు పెంచితే ఎక్కేటప్పుడు ఇంట్లోవాళ్ళు తిడతారు, దిగేటప్పుడు మోకాళ్ళు తిడతాయి, నడిపేటప్పుడు స్టీరింగు తిడుతుంది. మూడు తిట్లూ పడగలిగితే బండి లోపలికి పెట్టండి." నవ్వుతూ లోపలికి పెడతారు. ఆటోనగర్లో నా షెడ్డు గుమ్మంలో నుంచుని పదిహేనేళ్ళుగా ఇదే డైలాగు. మా అన్నయ్యకీ చెప్పా. అన్నయ్య నవ్వలేదు. "నీ హరికథ ఆపి పని చూడు" అన్నాడు.

మాది మగ్గం ఇల్లు. నాన్న మగ్గం గుంటలో కాళ్ళు పెట్టుకుని కూర్చుంటే మళ్ళీ భోజనానికే లేచేవాడు. నేను ఎనిమిదో తరగతి సగంలో బడి మానేశా. నేనే మానేశానని నేనంటా, వాళ్ళే పంపించేశారని మా అమ్మ అనేది. మొత్తానికి ఇద్దరికీ ఇష్టమయ్యే విడిపోయాం. మగ్గం మీద కూర్చోమంటే నాకు కుదురు లేదు. జీపుల కింద పడుకోవడానికి మాత్రం ఎక్కడ లేని కుదురూ వచ్చేది. అన్నయ్య పదేళ్ళు నేసి, ఆ బతుకు చాలక, హనుమాన్ జంక్షన్ దాటాక లోపలికి చేపల చెరువులు కౌలుకి తీసుకున్నాడు. వదినా ఆయనా అక్కడే కాపురం. కూతురు ఒక్కతే, హాస్టల్లో చదువుకుంటోంది. నేను భవానీపురంలో ఉంటా.

అన్నయ్య జీపు నాకంటే మూడేళ్ళు పెద్దది. అందుకని దాన్ని కూడా అన్నయ్యా అనే పిలిచేవాణ్ణి. చెరువు గట్లమీద ట్రాక్టర్లు తిరిగి తిరిగి రెండు పక్కలా లోతు గాడులు పడతాయి, మధ్యలో దిబ్బ లేస్తుంది. ఆ దిబ్బ జీపు కడుపుకి తగులుకుని బండి ఆగిపోయేది. వానాకాలం వస్తే బురదలో దాన్ని తోసుకుంటూ రావడమే. నాలుగంగుళాలు లేపరా అన్నాడు. స్ప్రింగు కట్టల్లో కొత్త పట్టీలు వేసి, కట్టల్ని బండికి తగిలించే షాకిళ్ళు పొడుగువి పెట్టి, పెద్ద టైర్లు ఎక్కించా. బండి లేచి నుంచుంది. చూట్టానికి కొత్త పెళ్ళికొడుకులా ఉంది.

స్టీరింగు సంగతి తెలియనివాళ్ళకి చెప్పాలి. మనం స్టీరింగు చక్రం తిప్పితే కింద ఒక డబ్బా ఉంటుంది, అది ఒక ఇనప చేతిని ఊపుతుంది. ఆ చేతి నుంచి ముందు చక్రానికి ఒక పొడుగాటి కడ్డీ పోతుంది. దాన్ని డ్రాగ్ లింకు అంటాం. మామూలు జీపులో అది దాదాపు పడుకున్నట్టు ఉంటుంది. బండిని పైకి లేపితే డబ్బా పైకి పోతుంది, చక్రం కిందే ఉండిపోతుంది, మధ్యలో కడ్డీ నిచ్చెనలా వాలిపోతుంది. అప్పుడు చక్రం గోతిలో పడి లేచిన ప్రతిసారీ ఆ వాలు కడ్డీ చక్రాన్ని పక్కకి నెడుతుంది. మనం తిప్పకపోయినా బండి తిరుగుతుంది. కాబట్టి ఎత్తు పెంచినవాడు కడ్డీల అమరిక కూడా మార్చాలి. ఇది నాకు తెలుసు. పదిమందికి పాఠం చెప్పినవాణ్ణి. అన్నయ్య బండికి మాత్రం కడ్డీని వేడి చేసి కొంచెం వంచి, స్ప్రింగుకి తగలకుండా చేసి, "మిగతాది పండగయ్యాక" అన్నా.

పండగంటే దసరా. మా దగ్గర ఆయుధపూజ అంటే మాటలు కాదు. ముందురోజు సాయంత్రమే స్పానర్లు, సుత్తులు, జాకీలు అన్నీ కిరసనాయిల్లో కడిగి, తుడిచి, గోడవారన ఎర్రగుడ్డ పరిచి పేరుస్తాం. పసుపు, కుంకుమ, పూలు. వాటిని మళ్ళీ దశమి వెళ్ళాకే తియ్యాలి. మధ్యలో ముట్టుకుంటే ఏడాదంతా ముట్టుకోడానికి పని దొరకదని మాకో నమ్మకం. నాన్న కూడా ఆ రెండ్రోజులూ మగ్గం జోలికి పోయేవాడు కాదు. తెగిన పోగు ఉన్నా అలాగే ఉండనిచ్చేవాడు.

పూజ రోజు పొద్దున్నే అన్నయ్య బస్సు దిగి వచ్చేశాడు. జీపుకి చెరువు దగ్గరే గుమ్మడికాయ కొట్టి, నిమ్మకాయలు తొక్కించాలని ఆయన పట్టు.

"రెండ్రోజులాగు అన్నయ్యా. ఇంకా చక్రాలు తిన్నగా పెట్టలేదు."

"దసరాకి పూజ లేకుండా బండి ఉంచుతార్రా ఎవరన్నా? మీ వదిన కాయ కూడా కొని పెట్టింది."

"బండి కోసం కాయా, కాయ కోసం బండా?"

"తాళం ఇవ్వు."

డ్రాగ్ లింకు చివర, చక్రం దగ్గర, ఒక గుండు కీలు ఉంటుంది. దాని మర గాడుల మీద నట్టు బిగించి, ఆ నట్టు ఎప్పటికీ తిరగకుండా సన్నటి స్ప్లిట్ పిన్ను దూర్చి, రెండు కాళ్ళూ విడదీసి వంచుతాం. బజార్లో గుప్పెడు కొనుక్కోవచ్చు. చక్రాలు తిన్నగా పెట్టేటప్పుడు మళ్ళీ విప్పాలి కదా అని ఆ నట్టుని నేను స్పానరుతో బిగించలేదు. పిన్నూ పెట్టలేదు. ఇప్పుడు బిగిద్దామంటే స్పానరు పూజలో ఉంది. పిన్నుల డబ్బా పూజలో ఉంది. కటింగ్ ప్లేయరు కుంకుమ బొట్టు పెట్టుకుని నా వైపే చూస్తోంది.

అన్నయ్య అవతల బంకులో టీ తాగుతున్నాడు. నేను బండి కిందికి దూరి, నట్టుని చేత్తో ఎంత తిరిగితే అంత తిప్పా. నేలమీద బైండింగ్ వైరు ముక్క ఒకటి కనబడింది. పిన్ను బదులు దాన్ని చిల్లులోంచి దూర్చి వేళ్ళతోనే మెలి తిప్పా. వేళ్ళతో ఎంత మెలి పడుతుంది? పడినంత పడింది. బయటికొచ్చి చేతులు తుడుచుకున్నా. "రెండ్రోజుల్లో తీసుకురా, స్టీరింగు మొత్తం మారుస్తా" అన్నా. సరేనన్నాడు. బండేసుకుని వెళ్ళిపోయాడు.

రెండ్రోజుల్లో రాలేదు. చేపలు పట్టే రోజులు, ఆయనకి తీరలేదు. నేనూ వెంటపడలేదు. పండగయ్యాక షెడ్డు నిండా బండ్లు. మూడు వారాలయ్యాక ఒకసారి ఫోన్ చేశాడు.

"స్టీరింగు కొద్దిగా ఆడుతోందిరా."

"ఆడనీ అన్నయ్యా. టిక్కెట్టు పెట్టి చూపిద్దాం."

అప్పుడు మాత్రం నవ్వాడు. నవ్వి పెట్టేశాడు.

కార్తీకంలో వాయుగుండం పట్టి మూడ్రోజులు ముసురు. మబ్బు పడితే చెరువులో గాలి చాలక చేపలు పైకి తేలి నోళ్ళు తెరుస్తాయి. గాలి చక్రాలు వెయ్యాలని అన్నయ్య పొద్దున్నే జీపేసుకుని వెళ్ళాడు. గట్టు మలుపులో జీపు ఎడమకి దిగి తిరగబడింది. నీళ్ళు నడుం లోతే. కానీ ఆయన బండి కింద ఉన్నాడు.

గట్టు మెత్తబడి జారిందన్నారు. చూసినవాళ్ళూ అదే అన్నారు, రాసినవాళ్ళూ అదే రాశారు. గట్టు నిజంగానే జారి ఉంది, నేనూ చూశా. క్రేను వచ్చి ముందు కడ్డీలకే గొలుసు తగిలించి బండిని బయటికి లాగింది. కడ్డీలన్నీ మెలికలు తిరిగాయి. జీపుని చెరువు పాక పక్కన పెట్టి పట్టా కప్పారు. నేను ఆ పట్టా ఎత్తలేదు.

కొడుకు లేడు కాబట్టి కర్మ నేనే చేశా. పదోరోజు మంగలాయన గుండు గీస్తూ "కొంచెం ఇటు తిప్పండి" అన్నాడు. "స్టీరింగు బిగుసుకుందండీ" అన్నా. ఆయన చెయ్యి ఆగింది. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వాలా వద్దా అన్నట్టు చూశారు. నాకు ఏడుపూ రాలేదు, సిగ్గూ రాలేదు. చల్లటి నీళ్ళు నెత్తిన పోశారు, చల్లగా ఉన్నాయని మాత్రం తెలిసింది.

తర్వాత ఏడాదీ అంతే. షెడ్డు తెరిచా, మూశా. గుమ్మంలో నుంచుని అదే డైలాగు చెప్పా, జనం అదే చోట నవ్వారు. అన్నం తింటుంటే మా ఆవిడ "ఉప్పు సరిపోయిందా?" అనడిగేది. సరిపోయిందనేవాణ్ణి. ఒకరోజు అసలు ఉప్పే వెయ్యకుండా పెట్టిందట. అప్పుడూ సరిపోయిందన్నానట.

సంవత్సరీకం అయిన వారానికి వదిన ఫోన్ చేసింది. నా చిన్నప్పుడు వచ్చింది మా ఇంటికి. నన్ను అబ్బాయ్ అనే పిలుస్తుంది, ఇప్పుడు నాకు నలభై దాటినా సరే.

"అబ్బాయ్, జీపు తీసుకెళ్ళి స్టీరింగు మార్చు. నేను నడుపుతా."

చెరువులు ఆవిడే చూసుకుంటోంది. స్కూటీ మీద గట్లెంట తిరిగి ఆ వానాకాలంలో మూడుసార్లు బురదలో పడింది.

"ఆ పాత డొక్కు ఎందుకు వదినా? అమ్మేసి చిన్న కారు కొనుక్కో. ఏసీ ఉంటుంది."

"కారు గట్టు మీద నడుస్తుందా?"

"నడవదు."

"మరి? చేపల్ని రోడ్డుమీదికి రమ్మంటావా?"

నన్ను మించిన మాటకారి. అయితే నేను ఆగింది దానికి కాదు. ఇంజను బాగుచెయ్యి అనలేదు, రంగెయ్యి అనలేదు. స్టీరింగు అంది.

జీపు లారీ మీద ఆటోనగర్ వచ్చింది. మూడు వారాలు షెడ్డు మూల పెట్టా. వెనక వచ్చిన బండ్లన్నీ ముందు చూశా. ఎందుకంటే విప్పితే తెలిసిపోతుంది. చక్రం దగ్గర ఆ కీలు తన చిల్లులోంచి ఊడి ఉందని లారీ దించి పట్టా తీసినప్పుడే చూశా. ఊడటానికి రెండే దార్లు. క్రేను గొలుసు బలవంతంగా పీకి ఉండాలి. అలా అయితే నట్టు మరని కోసుకుంటూ వస్తుంది, మర నున్నగా అరిగిపోతుంది. లేదా నట్టు తనంతట తనే తిరిగి తిరిగి ముందే ఊడి పడిపోయుండాలి. అలా అయితే మర కొత్తదానిలా ఉంటుంది. బురద తుడిస్తే చాలు. బడి మానేసిన నాలాంటివాడైనా చదవగలిగిన అక్షరం అదొక్కటే.

ఒక మంగళవారం పొద్దున బురద తుడిచా. డీజిల్లో ముంచిన గుడ్డతో, మెల్లగా. తుప్పు కింద మర గాడులు ఒక్కొక్కటే బయటపడ్డాయి. పదునుగా, లెక్క తప్పకుండా. వేలితో చూశా, గోటితో చూశా. కొత్త నట్టొకటి తెచ్చి తిప్పా. చివరిదాకా సాఫీగా పోయింది.

అయినా నా బుర్ర నా బుర్రే కదా. క్రేను డ్రైవరుకి ఫోన్ చేశా.

"ఆ రోజు మీరు లాగే ముందు ఏవన్నా నట్లు విప్పారా అండీ?"

"మేమెందుకు విప్పుతామండీ? గొలుసేశాం, లాగాం. మా దగ్గర స్పానరు కూడా ఉండదు."

"ఒక్కటి కూడానా?"

"ఒట్టండీ. టైరు పంచరైతే మీలాంటివాళ్ళనే పిలుచుకుంటాం."

సరేనండీ అని పెట్టేశా. టైము పన్నెండున్నర. క్యారేజీ విప్పుకుని తిన్నా. దోసకాయ పప్పు. మొత్తం తిన్నా. గిన్నె కడిగి బోర్లించా. ఏదో ఒకటి అవుతుందనుకున్నా, గుండె ఆగుతుందో, కళ్ళు తిరుగుతాయో. ఏమీ కాలేదు. తిమ్మిరెక్కిన కాలుని చేత్తో పట్టుకుంటే ఎవరిదో కాలులా ఉంటుంది చూడండి, మొత్తం మనిషంతా అలా ఉన్నా. లేచి పని మొదలుపెట్టా.

ఆ పని మాత్రం చేశా. పాతవన్నీ తీసి పక్కన పెట్టా. చక్రాల దగ్గర కడ్డీలు తగులుకునే చేతులు కింద ఉండేవి, వాటి బదులు పైన బిగించే కొత్త చేతులు మందపాటి ఇనుములో కోయించా. దాంతో కడ్డీలు జానెడు పైకి లేచాయి. డ్రాగ్ లింకు మళ్ళీ పడుకున్నట్టు తిన్నగా వచ్చింది, గట్టు మీద దిబ్బలకీ అందదు. కడ్డీలు కూడా పాతవాటికి రెండింతల మందం. వాటి కోసం పక్క వీధిలో లేత్ మేస్త్రీ దగ్గరికి వెళ్ళా. మేమిద్దరం ఇరవై ఏళ్ళుగా తిట్టుకుంటున్న స్నేహితులం.

"ఇంత లావా? జీపుకా, రైలుకా?"

"వదినకి."

"ఆవిడంత బరువేం కాదుగా?"

"నువ్వు తిప్పు ముందు."

కొలతకని నేను తెచ్చిన పాత వంచిన కడ్డీ చూశాడు. తీసుకుని కంటి దగ్గర పెట్టుకుని చూశాడు. "దీన్ని వేడి చేసి వంచిన వెధవెవడ్రా? స్టీరింగు కడ్డీకి మంట పెడతారా ఎక్కడన్నా?"

"నేనే."

నవ్వాడు. నేను జోకేశాననుకున్నాడు. ఇన్నేళ్ళు జోకులేస్తే వచ్చే లాభం ఇదే, నిజం చెప్పినా ఎవడూ నమ్మడు. నేనూ సరిదిద్దలేదు. ఆయన మర తిప్పుతూ ఉంటే పక్కన నుంచుని ఇనప పొట్టు చుట్టలు చుట్టలుగా పడటం చూస్తూ ఉండిపోయా.

కొత్త కీళ్ళు వేసి, ప్రతి నట్టూ బారు స్పానరుతో బిగించి, ప్రతి పిన్నూ కాళ్ళు వంచి, మర్నాడు పొద్దున మళ్ళీ మొదట్నించీ చూశా. చక్రాలకి తాడు కట్టి కొలిచి తిన్నగా పెట్టా. మైలవరం రోడ్డులో గోతులు ఎక్కువ ఉన్నచోటికి తీసుకెళ్ళా. కావాలని గోతుల్లో దించా. స్టీరింగు వదిలేసి చేతులు ఒళ్ళో పెట్టుకున్నా. బండి గోతిలో పడింది, లేచింది, తిన్నగా పోయింది. ఎదర నుంచి ఆటోవాడు "ఏం గురూ, దండం పెట్టుకుంటున్నావా?" అని అరిచాడు. నాలుగుసార్లు అటూ ఇటూ తిరిగా. నా జీవితంలో అంత బాగా కుదిరిన స్టీరింగు ఇంకోటి లేదు. సంతోషం వస్తుందేమోనని కాసేపు రోడ్డు పక్కన ఆపి చూశా. రాలేదు. వెనక్కి తిప్పుకొచ్చేశా.

వదినకి చెప్పాలా వద్దా అన్నది అప్పటికి తేలలేదు. చెప్పకపోతే ఎవరికీ తెలియదు. గట్టు జారిందని అందరికీ తెలుసు. చెబితే ఆవిడకి ఇప్పుడున్న మరిది ఒక్కడూ ఉండడు. ఆ రెండూ అటూ ఇటూ తిప్పుకుంటూనే హనుమాన్ జంక్షన్ దాటా. ఆ కీలు ప్లాస్టిక్ కవరులో చుట్టి పక్క సీట్లో పెట్టుకున్నా. చెప్పనప్పుడు అదెందుకు తెచ్చానో నాకే తెలియదు.

పది గంటలకి చెరువు దగ్గరికి చేరా. వదిన పాక ముందు మేత బస్తా మూతి విప్పుతోంది. ఎండ కాస్తోంది. జీపు చూసి చేతులు దులుపుకుని వచ్చింది. చుట్టూ ఒకసారి తిరిగింది. వంగి కింద చూసింది.

"పైకి పెట్టావే కడ్డీలు."

"ప్రమోషన్ ఇచ్చా వదినా. చాలాకాలం కింద స్థాయిలో పనిచేశాయి."

"ఊఁ."

"అయితే ఒకటి. రోజూ ఇలా వంగి చూసుకుంటే నడుం నొప్పి. దానికి గ్యారంటీ నాది కాదు."

ఆవిడ నవ్వలేదు. చిన్న పీట లాగి కూర్చుంది. "నువ్వు ఇవాళ వచ్చిన దగ్గర్నించీ నా మొహం చూడలేదు. ముందు జోకులన్నీ అవ్వనీ. అయ్యాక అసలు సంగతి చెప్పు. నాకేం తొందర లేదు, మేత మధ్యాన్నం వెయ్యొచ్చు."

ఇంకో జోకు కోసం వెతుక్కున్నా. నిజంగా వెతుక్కున్నా. ఎప్పుడూ ఖాళీ అవ్వని డబ్బాలో ఒక్కటి దొరకలేదు. కవరు విప్పి ఆ కీలు తీసి ఆవిడ ముందు బస్తా మీద పెట్టా.

"ఇది పాతది. దీనికో నట్టుండాలి. అది ఊడకుండా పిన్నుండాలి. దసరా రోజు స్పానర్లు పూజలో ఉన్నాయని నట్టు చేత్తో తిప్పా. పిన్ను బదులు తీగ కట్టా, అదీ వేళ్ళతో. అది తెగింది, నట్టు ఊడింది. గట్టు జారి బండి పడలేదు వదినా. బండి తిరిగింది, అందుకే గట్టు అంచుకి పోయింది. మర చూడు, బాగుంది. పీకితే ఇలా ఉండదు."

ఆవిడ తీసుకుంది. మగ్గం ఇంట్లో పుట్టిన మనిషి, పోగు చూసినట్టు మరని వేళ్ళమధ్య తిప్పుతూ చూసింది. చెరువులో గాలి చక్రాలు తిరుగుతున్న చప్పుడు.

"ఎప్పుడు తెలిసింది నీకు?"

"కట్టినప్పుడే తెలుసు అలా కట్టకూడదని. అదే కారణమని తెలిసింది మాత్రం పోయినవారం."

"అంటే ఏడాది పాటు చూడలేదు."

"చూడలేదు."

"ఆడుతోందని ఫోన్ చేశారుగా నీకు. నేను పక్కనే ఉన్నా. నవ్వుతూ పెట్టేశారు. ఏమన్నావ్?"

"టిక్కెట్టు పెట్టి చూపిద్దామన్నా."

ఆవిడ తల ఊపింది, ఎప్పట్నుంచో అడుగుదామనుకున్న చిన్న సంగతి తెలిసినట్టు. తర్వాత అడిగింది. "నువ్వు తీగ కట్టావని ఆయనకి తెలుసా?"

అదిగో, అక్కడ ఉంది దారి. తెలుసు అంటే చాలు. పక్కనే నుంచుని చూశాడు, చాల్లేరా పద అన్నాడు, అంటే సగం బరువు పోయినాయన మీదికి పోతుంది. ఆయనొచ్చి కాదనడు. అలాగే అనేవాడు కూడా, నాకు తెలుసు ఆయన సంగతి. మాట నాలిక చివరిదాకా వచ్చింది.

"తెలీదు. టీ తాగుతున్నాడు. నేను చెప్పలేదు."

వదిన లేచింది. కీలుని కొంగులో తుడిచి పాకలోకి తీసుకెళ్ళి ఎక్కడో పెట్టి వచ్చింది. ఏడుస్తుందేమో, తిడుతుందేమో అని నుంచున్నా. చెప్పు తీసుకుని కొట్టినా బాగుండేది, కనీసం నొప్పి పుడుతుందో లేదో తెలిసేది.

"తాళం ఇక్కడ పెట్టి వెళ్ళు" అంది. "జంక్షన్ దాకా ఆటో దొరుకుతుంది."

"వదినా..."

"మేత టైమైంది అబ్బాయ్."

నాలుగు రోజుల తర్వాత హనుమాన్ జంక్షన్లో షెడ్డున్న ఒక మెకానిక్ ఫోన్ చేశాడు. నాకు మొహం తెలిసినవాడే, మర్యాదస్థుడు.

"అండీ, మీ వదినగారు జీపు తెచ్చారు. స్టీరింగు మొత్తం విప్పించి చూడమన్నారు. ఎవరు చేశారంటే మీ పేరే చెప్పారు. నాకు ఇబ్బందిగా ఉండి ఫోన్ చేస్తున్నానండీ."

"విప్పారా?"

"విప్పానండీ. పీటేసుకుని పక్కనే కూర్చున్నారు. ఒక్కో నట్టూ చేతిలో పెట్టించుకుని చూశారు."

"ఏవన్నా తప్పు దొరికిందా?"

"తప్పా? నేను ఫోటోలు తీసుకున్నానండీ, మావాళ్ళకి చూపించడానికి. ఏమనుకోకండి, అసలు ఆవిడకి డౌటెందుకొచ్చిందండీ మీమీద?"

"బంధువుల పని కదండీ" అన్నా. "బయటివాళ్ళకి చేసినంత బాగా చెయ్యరని అందరికీ ఉంటుంది."

ఆయన నవ్వాడు. మళ్ళీ బిగించేటప్పుడు కొత్త పిన్నులే వెయ్యమని చెప్పా. వేశానండీ అన్నాడు.

అప్పట్నుంచి జీపు ఆయన దగ్గరికే వెళుతుంది. నా దగ్గరికి రాలేదు. వదిన మాట్లాడటం మానలేదు. ఫోన్ చేస్తుంది, మా ఆవిడతో మాట్లాడుతుంది, తర్వాత నాకిమ్మంటుంది. తిన్నావా అంటుంది. కూతురి ఫీజు కట్టి రమ్మంటుంది, బస్సెక్కించమంటుంది. జీపు మాట ఎత్తదు. అన్నయ్య మాట వస్తే "మీ అన్నయ్య" అనేది ఇదివరకు. ఇప్పుడు "ఆయన" అంటుంది. అది కావాలని మార్చిందో, నాకే అలా వినబడుతోందో తెలియదు. అడగను.

మొన్న వానలకి ముందు ఒకసారి వెళ్ళా, పాక రేకులు ఎగిరిపోతే బిగించడానికి రమ్మంది. బిగించా. కింద నుంచుని చూస్తూ ఉంది. దిగాక మజ్జిగిచ్చింది. అవతలి చెరువు మోటారు చూడాలని జీపెక్కింది. తాళం తిప్పి ఒక్క క్షణం ఆగింది. ఎక్కమంటుందేమోననుకున్నా. పక్క సీటు మీద మేత బస్తా ఉంది. దాన్ని జరపలేదు.

"నువ్వు నడిచి రా. దగ్గరే" అంది.

పోనిచ్చింది. నేను చెప్పులు చేత్తో పట్టుకుని ఆ వెనకే గట్టెంట నడిచా. రాత్రి జల్లు పడి మట్టి మెత్తగా ఉంది. పాదాల కింద చల్లగా తగిలింది, వేళ్ళ సందుల్లోంచి బురద పైకొచ్చింది. ఎదర జీపు టైర్ల గాడులు రెండూ కొత్తగా, తిన్నగా పోతున్నాయి. మలుపు దగ్గర కొంచెం లోపలికి, గట్టు మధ్యకి జరిగాయి. వంగి చూశా. అది ఆవిడ చెయ్యి తిప్పింది. బండి కాదు.